దీపాల వేళ మాయమయ్యే మిరప ధర

“నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఒక్క తప్పు చేస్తాడు. ఈ భోపాల్‌పట్నంలో నేనుండగా నేరం చెయ్యడమే వీడు చేసిన తప్పు!”

ఇంత మాట అన్న అపరాధ పరిశోధకుడు ఉమామహేశ్ నల్ల కళ్లద్దాలు సవరించుకున్నాడు. గుమ్మం అనుకొని బీరువాలోకి నడవబోయి, ముక్కు కొట్టుకొని, బీరువా వైపు అనుమానంగా చూశాడు. మాడు పగిలే ఎండల్లో మెడ దాకా గుండీలు పెట్టిన వానకోటు వేసుకున్నాడు. కోటు లేని డిటెక్టివ్‌ను నేరస్థులు లెక్కచెయ్యరని అతని సిద్ధాంతం. ఇంతకుముందు అతను ఛేదించిన పెద్ద కేసు బస్టాండులో సైకిల్ దొంగతనం. దొంగను పట్టుకొని నాలుగు తగిలించాక తేలింది, ఆ సైకిల్ తన్నులు తిన్నవాడిదేనని.

“బావా, నాకు డిటెక్టివ్ వద్దు. పని చేసుకోనియ్యి చాలు,” అంది స్రవంతి.

స్రవంతి అతని మేనత్త కూతురు. ఉమామహేశ్ తండ్రి దశరథరామయ్యకు బజార్లో పెద్ద కిరాణా కొట్టు, మిరప వ్యాపారం ఉన్నాయి. ఆ కొట్టు పైగదిలో మేనకోడలు స్రవంతి కంప్యూటర్ పెట్టుకుంది. నమ్మకంగా నెట్ వచ్చే చోటు బజారు మొత్తానికి అదొక్కటే. వరంగల్ మార్కెట్లో ఆ రోజు పలికిన మిరప ధరను ఆ కంప్యూటర్ సాయంత్రానికి తెచ్చి, తెలుగులోనూ, చుట్టుపక్కల గూడేల భాష దోర్లిలోనూ స్రవంతి గొంతుతో మాటగా మార్చి, రైతుల ఫోన్లకు పంపాలి. తెల్లారకముందే వ్యాపారుల బండ్లు ఊళ్లలోకి దిగుతాయి. ధర తెలిసిన రైతు గట్టిగా నిలబడతాడు, తెలియనివాడు వాళ్లు చెప్పిందానికి తలూపుతాడు.

వారం రోజులుగా ఆ మాట ఎవరికీ చేరడం లేదు. పగలు పంపి చూస్తే హాయిగా పోతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరకపోతే తల్లి అన్నపూర్ణ ఊరుకోదు గనుక, స్రవంతి అంతా కంప్యూటర్‌కు అప్పగించి వెళ్లిపోతుంది. పొద్దున వచ్చి చూస్తే ‘నెట్ అందలేదు’ అని తెర మీద ఉంటుంది. నెట్ కంపెనీ వాళ్లు వైరు భేషుగ్గా ఉందన్నారు. మామయ్యను అడిగితే, “కరెంటు ఒక్క నిమిషం గూడ పోలే బిడ్డా,” అని దేవుడి పటం మీద ఒట్టేశాడు.

ఇవాళ పొద్దున రైతు సంఘం పెద్ద భద్రమ్మ వచ్చి తేల్చిచెప్పింది. “ఇయ్యాల గూడ రాకపోతే సంఘం నీ పని బంద్ చేస్తది బిడ్డా. జగదల్‌పుర్‌కెల్లి ఎవరో కంపెనీవాళ్లు తిరుగుతున్రు. నేనెంతకని ఆపుత?”

ఈ పని పోతే స్రవంతి మళ్లీ మామయ్య కొట్లో కూర్చుని పప్పులకూ ఉప్పులకూ బిల్లులు రాయాలి. బావ రంగంలోకి దిగింది సరిగ్గా అప్పుడే.

“అనుమానితులెవరు?” అన్నాడు ఉమామహేశ్.

“మనుషులు గాదు బావా, రెండు టూల్స్. వాటి ఇంగ్లీషు పేర్లు మనింట్ల ఎవరికీ నోరు తిరుగవని గంప, కావడి అని పెట్టుకున్న. ప్రోగ్రాముకు కావాల్సిన ముక్కలు నెట్‌కెల్లి తెచ్చి, పనులు వరుసగా నడిపిస్తయి. ఏది మంచిదో తేల్చి సంఘానికి చెప్పాలె.”

“తేడా?”

“గంప జల్దీ పని చేస్తది. ఎప్పటికప్పుడు కొత్త ముక్కలే తెస్తది, అందుకని ఒక్కోసారి పాతవాటితోని పొసగవు. గడియారం చూసే కదుల్తది. కావడి నిదానం. పోయినసారి ఏం తెచ్చిందో అచ్చం అదే తెస్తది, తేడా రానియ్యదు. దానికి గడియారంతోని పన్లేదు, ధర పడంగనే పంపియ్యమంటే పంపిస్తది. గాని పోల్చి చూడాలె గద, రెండింటికీ పొద్దుగూకే టైమే పెట్టి దినం తప్పి దినం నడుపుతున్న.”

“వీటిని తయారు చేసిందెవరు?”

“ఎక్కడెక్కడో ఉన్నోళ్లు కలిసి చేస్తరు. ఓపెన్ సోర్స్. లోపల ఏమున్నదో ఎవరైనా చూడొచ్చు, బాగు చెయ్యొచ్చు. పైసలడగరు.”

ఉమామహేశ్ ఉలిక్కిపడ్డాడు. “పైసలడగకుండా పని చేస్తారా? మా వంశంలో ఇలాంటి నేరం కనీవినీ ఎరుగం! ఇది అంతర్జాతీయ ముఠా. వీళ్ల మనిషి ఇవాళ దీపాల వేళ వీధి గుమ్మంలోంచి వస్తాడు. నా ఉక్కు పిడికిలి వాడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.”

“నెట్‌ల పనికి వీధి గుమ్మంలకెల్లి ఎవరొస్తరు బావా?”

“అదే వాడి తెలివి!”

బావ మాట ఎలా ఉన్నా, ఈ ఒక్క సాయంత్రం ఇక్కడే ఉండి కళ్లారా చూడాలని స్రవంతికీ అనిపించింది. తల్లికి ఫోన్ చేసి చెప్పి, నాలుగు తిట్లు తిని, మేడమెట్ల మీద చీకట్లో కూర్చుంది. ధర వినిపోదామని వచ్చిన భద్రమ్మ కొట్టు బయట అరుగు మీద చేరగిలబడింది. పరిశోధకుడు మిరప బస్తాల వెనక నక్కాడు. నల్ల కళ్లద్దాలు మాత్రం తియ్యలేదు.

పొద్దు వాలింది. దశరథరామయ్య కాళ్లు కడుక్కొని, అగ్గిపెట్టె పట్టుకొని దేవుడి అల్మారా దగ్గరికి వచ్చాడు.

“నాన్నగారు దీపం పెడుతున్నారు. వారిని అనుమానితుల్లోంచి తొలగించాను,” అని బస్తాల వెనక నుంచి గుసగుస వినిపించింది. ఆ వెంటనే మిరపఘాటు పరిశోధకుడి ముక్కుకెక్కింది.

తుమ్ము కాదది, పేలుడు. కోటు బస్తాకు తట్టుకుంది, అతను బోర్లా పడ్డాడు, బస్తాలు ఒకదాని వెంట ఒకటి దొర్లి వెళ్లి దశరథరామయ్యను అల్మారాకు అదిమేశాయి.

“దొరికాడు!” అని అరుస్తూ లేచాడు ఉమామహేశ్. “నాన్నా, మీరు కదలకండి! వాడు వీధిలోకి పారిపోతున్నాడు!” వీధిలో ఎవరూ పారిపోవడం లేదు. అయినా అతను పరిగెత్తాడు.

స్రవంతి గబగబా మెట్లు దిగి లైటు వేసింది. అల్మారా పక్కనే పైగదికి నెట్ అందించే పెట్టె, దాని పక్కన స్విచ్చు. మామయ్య ఎడంచేతిలో వెలుగుతున్న అగ్గిపుల్ల. కుడిచెయ్యి స్విచ్చు మీద. నెట్ పెట్టెలో ఎప్పుడూ మినుకుమనే పచ్చ లైటు ఆరిపోయి ఉంది.

“మామయ్యా!” అంది స్రవంతి. వారం రోజులు తనకే పని చేతగాదనుకొని దిండులో మొహం పెట్టుకొని ఏడ్చింది. ఇప్పుడు ఒళ్లు మండిపోయింది. “కరెంటు పోలేదని ఒట్టేస్తివి గద!”

“కరెంటు పోలే బిడ్డా. నేనే తీసిన, తెల్లారినంక మల్ల ఏసిన.” దశరథరామయ్య బస్తాల మధ్యనుంచే పెద్దమనిషి గొంతు పెట్టాడు. “దీపం పెట్టినంక ఇంట్లకెల్లి ఏదీ బయటికి పోవద్దు. పెరుగియ్యం, ఉప్పియ్యం, ఆఖరికి సూది గూడ ఇయ్యం. ధర ఎట్లిస్తం? దాంతోని లక్ష్మి గూడ పోతది.”

చప్పుడుకు లోపలికి వచ్చిన భద్రమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. “అట్లనా సావుకారీ? మరి మొన్న నా మిరపకాయలు దీపం పెట్టినంకనే గద దించుకున్నవ్?”

“లోపలికొచ్చేదానికి పట్టింపు లేదు,” అన్నాడు దశరథరామయ్య. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

స్రవంతి స్విచ్చు నొక్కింది. పచ్చ లైటు వెలిగింది. పైగదిలో గంప మళ్లీ ప్రయత్నించింది. భద్రమ్మ కొంగులో ఫోన్ మోగి, స్రవంతి గొంతుతోనే ధర చెప్పింది, ముందు తెలుగులో, తర్వాత దోర్లిలో. సావుకారి పొద్దున భద్రమ్మకు చెప్పిన ధర దానికి ఆమడ దూరం కిందుంది. భద్రమ్మ రెండు భాషల్లోనూ ఆసాంతం విని, సావుకారి వైపు ఒక్క చూపు చూసింది.

అంతలో ఉమామహేశ్ ఐస్‌బండి ఇర్మాను చొక్కా పట్టుకొని లాక్కొచ్చాడు. “ఇడుగో ముఠా మనిషి! గంట మోగించి సంకేతాలిస్తున్నాడు!”

“గంట కొట్టకుంటే ఐస్ ఎట్లమ్ముత దాదా?” అన్నాడు ఇర్మా ఏడుపుమొహంతో.

“నెట్ వచ్చింది బావా. ఆయన్ని ఇడిసిపెట్టు,” అంది స్రవంతి.

“వచ్చిందా? నేను వాణ్ని పట్టుకోగానే వచ్చిందన్నమాట,” అన్నాడు ఉమామహేశ్. కేసు ఛేదించబడింది.

మర్నాడు స్రవంతి సంఘానికి తన తీర్పు చెప్పింది: గంప చురుకైనదే గానీ మనకు కావడి చాలు. గడియారం తీసేసి, మధ్యాహ్నం వరంగల్‌లో ధర పడగానే పంపమని దానికి అప్పగించింది.

ఆ మధ్యాహ్నం భద్రమ్మ ఖాళీ గోనెసంచుల కోసం కొట్టుకు వచ్చింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. దశరథరామయ్య హఠాత్తుగా లేచి, కాళ్లు కడుక్కొని, దేవుడి ముందు దీపం వెలిగించి, భక్తిగా స్విచ్చు వైపు చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి స్విచ్చును తాకకముందే భద్రమ్మ కొంగులో ఫోన్ మోగింది.

అదే సమయానికి నల్ల కళ్లద్దాలతో ఉమామహేశ్ లోపలికి వచ్చాడు. దీపాన్ని చూసి ఆగి, “అప్పుడే పొద్దుగూకిందా?” అన్నాడు.

“ఊరికింకా గూకలే బిడ్డా,” అంది భద్రమ్మ, ఫోన్ చెవికి ఆనించుకుంటూ. “మీ నాయనకు గూకింది.”