ఒక స్క్రూ ఎక్కువ

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు భార్యకు కంప్యూటర్ ముందు ఇంటర్వ్యూ ఉంది. పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పిన బడికే హెడ్‌మిస్ట్రెస్ కావడానికి ఆవిడకు దక్కిన మొదటి అవకాశం అది. వయసు నిబంధన చూస్తే ఆఖరిది కూడా. కంప్యూటరేమో ఆన్ చేస్తే చాలు, పిండిమరలా రొద పెడుతుంది. ఆవిడ స్నానం చేసి, జవాబులు మరోసారి చదువుకుని వచ్చేలోపు దాన్ని విప్పి, దుమ్ము దులిపి, బిగించేస్తే సరి. ముప్ఫై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తూ, వీధి మొత్తం చేత "డాక్టరుగారూ" అని పిలిపించుకుంటున్న మనిషికి ఇదొక పనా!

గడియారం విప్పే ముందు స్ప్రింగులో బిగువంతా వదిలించాలన్నది ఆయన వృత్తిలో మొదటి నియమం. ఆ లెక్కన కంప్యూటర్ పెట్టెకు కరెంటు అందే దారులన్నీ మూసేశాడు. విప్పిన ప్రతి స్క్రూనూ తెల్లకాగితం మీద, గీసిన గళ్లలో, నంబరు వేసి పెట్టాడు. బ్రష్షుతో దులిపాడు. దోసెడు దుమ్ము వచ్చింది. గర్వంగా దాన్ని పారబోసి, చేతులు కడుక్కుని తిరిగి వచ్చేసరికి అత్తగారు కాగితం మడిచి పక్కన పెడుతోంది.

"అల్లుడుగారూ, అన్నీ చెల్లాచెదురుగా పడున్నాయని సర్దేశాను. చిన్నవన్నీ ఈ గిన్నెలో, పెద్దవన్నీ ఆ పళ్లెంలో. మీ పనిముట్ల పెట్టెలో దొరికినవి కూడా కలిపేశాను."

ఆయన అత్తగారిని ఏమీ అనలేక "చాలా బాగా సర్దారండీ" అన్నాడు. గుర్తున్నంతవరకు బిగించి బటన్ నొక్కాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. పైగా గిన్నెలో ఒక స్క్రూ మిగిలింది.

ముప్ఫై ఏళ్లలో ఆయన చేతిలో ఒక్క స్క్రూ మిగల్లేదు. అది గిన్నె అడుగున మెరుస్తూ కనబడుతోంది. కంప్యూటర్ల దుకాణంలో పనిచేసే బావమరిదికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టాడు.

"బావగారూ, ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టండి" అన్నాడు అతను. రుద్దాడు. పెట్టె పలకలేదు.

"గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, అది తీసి పెట్టండి." తీశాడు, పెట్టాడు. పలకలేదు.

"అయితే..." బావమరిది ఏదో అడగబోయి ఆగాడు. "అబ్బే, మీకు తెలియనిది కాదులెండి. మదర్‌బోర్డే పోయుంటుంది."

"పోవడమంటే?"

"పోవడమే బావగారూ."

లోపలి గదిలోంచి భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, అయిందా?"

"ఆఁ! తుది మెరుగులు దిద్దుతున్నాను!"

మూడోసారి విప్పాడు, మూడోసారి బిగించాడు. ఆ స్క్రూ మళ్లీ మిగిలింది. భార్య కంట పడితే తన పని అయిపోయినట్టేనని దాన్ని కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు. ఆవిడ పద్దెనిమిదేళ్ల కష్టం ఒక బ్రష్షుతో ఊడ్చేశానే అనుకుంటే ఏడుపొచ్చింది. పది నలభైకి ఆవిడ తయారై వచ్చి, నేల మీద చతికిలబడిన మొగుణ్ణి చూసింది.

"అయిపోయింది" అన్నాడాయన. "నీ ఉద్యోగం నేనే పోగొట్టాను. ఇదొక్కటే కాదు. నీ ఇస్త్రీపెట్టె దానంతటది కాలిపోలేదు, నేనే కాల్చాను. గోడగడియారం కూడా..."

"గోడగడియారమా?" అత్తగారు తలెత్తింది. అది పోయిన మావగారిది. నాలుగేళ్లుగా ఏడూ ఇరవై దగ్గర ఆగి ఉంది.

"దాని ఆయుష్షు అంతేనని చెప్పాను కదండీ. అబద్ధం. బాగుచేయబోయి స్ప్రింగు నేనే తెంపాను. భయపడి మూత పెట్టి తగిలించేశాను."

ఫోన్లోంచి బావమరిది నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, ఒకటి అడగనా? బావగారు ఏమీ అనుకోకూడదు."

"అడగరా."

"పెట్టె వెనకాల చిన్న స్విచ్చుంటుంది. అది వేశారా?"

ఆవిడ వంగి, చెయ్యి వెనక్కి పోనిచ్చింది. టిక్కుమంది. బటన్ నొక్కగానే పెట్టెలో దీపం వెలిగింది, ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరిగింది. పొద్దున ఆ స్విచ్చు ఆపిన చెయ్యి తనదేనని అప్పుడు గుర్తొచ్చిందాయనకు.

"ఇది మొదటే అడగొచ్చు కదయ్యా!" అన్నాడు, దాదాపు ఏడుస్తూ.

"ముప్ఫై ఏళ్లుగా మిషన్లతో బతికిన పెద్దవారు. స్విచ్చు వేశారా అని మిమ్మల్ని అడిగితే ఏం మర్యాదగా ఉంటుంది బావగారూ?"

పదకొండుకు తలుపు మూసి ఇంటర్వ్యూ మొదలైంది. బయట ఆయన చెవి ఒగ్గి కూర్చున్నాడు. కింద పనిచేసేవాళ్లు తప్పు చేసి దాచిపెడితే ఏం చేస్తారని ఎవరో అడిగారు. భార్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ముందు కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకుంటానండీ. ఆ తర్వాత చెడగొట్టింది వాళ్ల చేతే బాగుచేయిస్తాను."

అవతల నలుగురూ మెచ్చుకుంటూ నవ్వారు. ఆ నవ్వుతోనే ఉద్యోగం ఆవిడదైపోయిందని ఆయనకు అర్థమైంది. సంతోషపడేలోపే అత్తగారు గోడగడియారం తెచ్చి ఒళ్లో పెట్టింది.

సాయంత్రానికి కొత్త స్ప్రింగు వేశాడు. తెల్లకాగితం మీద గళ్లు గీసి, నంబర్లు వేసి, అత్తగారు కన్నార్పకుండా చూస్తుండగా ఒక్కొక్కటే బిగించాడు. ఈసారి స్క్రూ మిగల్లేదు. ఒకటి తక్కువైంది. ఆయన చూపు మెల్లగా కిటికీ వైపు మళ్లింది.