గుండెకు తాకించడం

ఆ ఆదివారం క్వోక్ మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. గ్వాంగ్‌జౌ ఊరంతా టీ హోటళ్ళలో కూర్చుని ఆవిరి మీద ఉడికిన దిమ్ సమ్ ఫలహారాల బుట్టలు ఖాళీ చేస్తుంటే, ఆయన భార్య ముస్తాబవుతున్న పడకగది తలుపు ముందు ఆకలితో నిలబడ్డారు.

"యుక్‌లాన్! ముఖానికి పౌడరా, గోడకు సున్నమా? ఇంకెంతసేపు?"

లోపల రేడియోలో పాట తప్ప జవాబు లేదు.

బడిలో చరిత్ర పాఠం చెప్పి పిల్లల్ని హడలగొట్టే మనిషికి ఇంట్లో ఈ గతి! "పేపరు తెస్తా" అని తలుపుతో చెప్పి జారుకున్నారు. ముందే ఒక విడత లాగించేసి, ఆనక భార్యతో వచ్చి మళ్ళీ ఆకలి నటించాలని పథకం.

హోటల్లో మూల బల్ల చూసుకుని కోడికాళ్ళు, రొయ్యల కుడుములు తెప్పించుకున్నారు. మొదటి కుడుము నోట్లో పడిందో లేదో, వెనక నుంచి తెలిసిన గొంతు.

"పేపరు మెత్తగా ఉందా, మాస్టారూ?"

యుక్‌లాన్! పక్కనే చెల్లెలు మేఫాంగ్. ముందు ఖాళీ బుట్టలు. యుక్‌లాన్ ముఖాన పౌడరు జాడే లేదు.

"నువ్వు... గదిలో..."

"గదిలో రేడియో ఉంది. మీరు బాల్కనీలో పిట్టకు గింజలు వేస్తుంటే నేనొచ్చేశాను."

"ఎంత మోసం! ప్రతివారం ఇంతేనా?"

"అక్క తయారయ్యేది ఇక్కడే బావా," అంది మేఫాంగ్.

మాస్టారు కుడుము మింగి గొంతు పెంచారు. "నా తప్పేం లేదు! దిమ్ సమ్ అంటే ఏమిటి? 'దిమ్' అంటే చుక్కలా తాకించడం, 'సమ్' అంటే గుండె. కడుపు నింపడం కాదు! టాంగ్ రాజుల నాడు ఓ అధికారి భార్య తన తమ్ముడితో, 'నా ముస్తాబు కాలేదు, ఈలోగా నువ్వు కాస్త గుండెకు తాకించు' అందట. ఆవిడ తయారయ్యేలోగా తినడం సంప్రదాయమే!"

"ఆ కథలో తినమన్నదెవరు?"

"ఆవిడే."

"నేను మిమ్మల్ని తినమన్నానా?"

మాస్టారు కోడికాళ్ళ మీదికి చెయ్యి చాచారు. మేఫాంగ్ ఆ బుట్టను అప్పటికే తన బల్ల మీదికి లాగేసుకుంది.

"పదండి," అని లేచింది యుక్‌లాన్. "నేనింటికెళ్ళి ముస్తాబవుతాను, మీరు తలుపు దగ్గర నిలబడండి. అయ్యాక ఇద్దరం వద్దాం."

"మరి ఇవన్నీ?"

"నాకు తమ్ముడు లేడుగా. చెల్లెలు గుండెకు తాకించుకుంటుంది."

మాస్టారు కదిలారు. వెనక మేఫాంగ్ కోడికాలు జుర్రుతున్న చప్పుడు గుమ్మందాకా వినబడుతూనే ఉంది.