బూరయ్య బొమ్మకు పులితోలు

ఒక పెద్ద అడవిలో, స్వామి దయవల్ల, ఆ ఏడు వానలు దంచికొట్టాయి. వాగు పొంగి దారులన్నీ మునిగిపోయాయి. సభకు వెళ్ళే వీలు లేకపోయింది. సభ లేకపోయినా అడవి బాగానే నడిచేది కానీ, సభ్యులకు తోచొద్దూ? అందుకని సింహంగారు ఈసారి సభ కంప్యూటర్‌లో జరగాలని సెలవిచ్చారు. అడవికి కంప్యూటర్ ఎక్కడిదని అడక్కండి బాబూ. జంతువులు మాట్లాడతాయంటే నమ్మి కూర్చున్నారు కదా, ఇదీ నమ్మండి.

పద్ధతి ఇదీ. ఎవరూ ఒళ్ళు తడుపుకోనక్కర్లేదు. వాళ్ళ బదులు వాళ్ళ బొమ్మ తెర మీద సభకు వెళ్తుంది. ఇంట్లో వాళ్ళేం చేస్తే అక్కడ బొమ్మా అదే చేస్తుంది. ఎలుగుకు ఎలుగు బొమ్మ, పందికి పంది బొమ్మ. కాకపోతే సభ ఆఫీసు ఇచ్చే బొమ్మ సున్నం కొట్టిన గోడలా బోసిగా ఉంటుంది. దానికి తోలు తొడిగే భారం ఎవరిది వాళ్ళదే.

ఆ తోలుకు టెంప్లేట్ అని ఒక కాగితం ఉంటుంది. దర్జీ చొక్కా కుట్టబోయే ముందు గుడ్డను ముక్కలు ముక్కలుగా పరుస్తాడు చూడండి, అలాగన్నమాట. ఈ మూల ముఖం, ఆ మూల వీపు, కింద కాళ్ళు. దాని మీద రంగులేసి పంపితే మిషను ఏ ముక్కను బొమ్మకు ఎక్కడ చుట్టాలో అక్కడ చుట్టేస్తుంది.

మన బూరయ్య ఎలుగుబంటికి ఈ సభ ప్రాణసంకటమై కూర్చుంది. తాతల నాటి తేనెమెట్టను తవ్వి దుంపలు తీసుకుంటామని అడవిపందులు అర్జీ పెట్టాయి. సోమవారం సభలో బూరయ్య నిలబడి "మెట్ట మాది" అనకపోతే మెట్ట పోయినట్టే.

ఆఫీసు నుంచి ఎలుగు టెంప్లేట్ వచ్చింది. బూరయ్య దాని మీద తన ముఖం గీసుకున్నాడు. చూసుకున్నాడు. నీరుగారిపోయాడు.

"ఏమే చుక్కమ్మా, నా మొహం మరీ ఇంత పాత బొంతలా ఉంటుందా?"

"పెళ్ళినాడే చూశాను మావా. ఇప్పుడడిగి ఏం లాభం?" అంది భార్య. "దేవుడు కొలత తీసి ఇచ్చిన మొహం. మెట్ట అడగడానికి అది చాలు."

చాలదనిపించింది బూరయ్యకు. ఈ మొహంతో అడిగితే ఇంట్లో అన్నమే ఆలస్యంగా వస్తుంది. సభలో మెట్ట ఇస్తారా?

వెళ్ళి ముంగిస గురవయ్యను పట్టుకున్నాడు. నెట్‌లో తనకు దొరకనిది లేదని గురవయ్య చాటుకుంటూ తిరుగుతాడు.

"పులి టెంప్లేట్ ఉంది బావా! చారలు, మీసాలు, కోరలు, అన్నీ గీసి రెడీగా ఉన్నాయి. పంపడమే తరువాయి."

"నా బొమ్మకు సరిపోతుందంటావా?"

"పులికి నాలుగు కాళ్ళు, నీకు నాలుగు కాళ్ళు. ఇంకేం కావాలి?"

ఈ తర్కం బూరయ్యకు మహా నచ్చేసింది. పులి కాగితంలో ముఖం ఉన్న మూలన, ఎలుగు కాగితంలో ఏముంటుందో చూసుకోలేదు. అక్కడ ఉండేది, పెద్దలు మన్నించాలి, మనం కూర్చునే భాగం.

"ఒకసారి బొమ్మకు తొడిగి చూసుకో మావా," అంది చుక్కమ్మ.

"ఆఫీసువాళ్ళు చూస్తారులే," అన్నాడు బూరయ్య.

ఆఫీసులో తనిఖీ గుమాస్తా ఏదుపంది నిజంగానే చూశాడు. కళ్ళు రెండు, చెవులు రెండు, ముక్కు ఒకటి, తోక ఒకటి. ముద్ర ఎత్తాడు.

"అయ్యా, ఆ ముఖం వెనకాల ఉందండీ," అంది పక్క బల్ల చిలక.

"ఉందా లేదా అన్నదే మన సెక్షన్. ఎక్కడుందో చూసే సెక్షన్ ఇంకా పెట్టలేదు," అని ముద్ర గుద్దేశాడు.

సోమవారం బూరయ్య బొమ్మ సభలోకొచ్చి, సింహానికి ఎదురుగా నిలబడి దండం పెట్టింది. ముఖం ఉండాల్సిన చోట చారలు, వాటి నడుమ ఒక తోక.

"ఎవడ్రా సభకు వీపు చూపించేది?" గర్జించింది సింహం. "ఇటు తిరుగు!"

"ఇటే ఉన్నాను మహాప్రభో!"

"తిరగమంటే!"

ఇంటి దగ్గర బూరయ్య మెట్ట కోసం తిరిగాడు. తిరగ్గానే పులి ముఖం కోరలతో సహా సింహం ఎదుట ప్రత్యక్షమైంది. పంది బొమ్మలు అర్జీ వదిలేసి తెర అవతలికి దూకాయి.

సింహం గొంతు వెన్నలా కరిగింది. "అరెరే, పులిగారా! సెలవివ్వండి."

"తేనెమెట్ట మాది ప్రభూ, తాతల నాటిది," అన్నాడు బూరయ్య, గోడకేసి చూస్తూ.

"దానికేం భాగ్యం! ఎంతసేపని నిలబడతారు? కూర్చుని చెప్పండి."

రాజాజ్ఞ కదా. బూరయ్య కూర్చున్నాడు. సరిగ్గా ముఖం మీద కూర్చున్నాడు.

పులిగారు మాయం.

"వెళ్ళిపోయారా? పెద్దలకు సవాలక్ష పనులుంటాయి," అంది సింహం. "రాసుకో గుమాస్తా. పులిగారు అడిగారు, మెట్ట పులిగారిది. ఎలుగు హాజరు కాలేదు."

"నేనే ప్రభో ఎలుగును! బూరయ్యను!"

"గొంతు ఎలుగుదేనండీ," అన్నాడు ఏదుపంది, రిజిస్టర్ తిరగేస్తూ. "కానీ ఇందులో గొంతుకు గడి లేదు. ముఖానికే ఉంది."

తీర్పు కాగితం అందుకుని అసలు పులి తెల్లబోయింది. తేనె ముట్టదు, మెట్ట ఎక్కదు. అయినా ప్రభువులు ఇచ్చింది కాదనడం మర్యాద కాదని ఉంచేసుకుంది. కాపలాకు మెట్ట సంగతి తెలిసినవాడు కావాలంది. బూరయ్య కంటే తెలిసినవాడెవడు? ఆ ఉద్యోగం అతనికే వచ్చింది.

మర్నాడు చుక్కమ్మ కాపలాదారుకు నేరేడుపళ్ళు తెచ్చింది.

"తేనె లేదటే?"

"పులిగారినడుగు మావా. నీ మొహం చూసి ఇస్తారేమో!"

బూరయ్య ముందు ఉడుక్కున్నాడు. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏ మొహం చూపించనే? ఉన్నదాన్ని ఇంట్లో వదిలి, అరువుదాని మీద కూర్చుని వచ్చాను!"

కాబట్టి నాయనలారా, నీతి ఏమంటే: అరువు ముఖంతో సభకు నిక్షేపంగా వెళ్ళండి, ఎవరూ పట్టుకోరు, కూర్చోమంటే మాత్రం కూర్చోకండి.