అందరూ బావలే

"నలుపు తెలుపు సినిమాల్లో అశ్లీలం ఉండదు. అది రంగులతోపాటు పుట్టిన జబ్బు," అని ప్రకటించారు మా తెలుగు సంఘం అధ్యక్షులు రామచంద్రరావుగారు.

2007లో ఒక శుక్రవారం, గల్ఫులో మేముండే ఇంటర్నేషనల్ సిటీలోని వారి ఫ్లాటులో, బిర్యానీ భోజనాలయ్యాక. సంస్కృతి రక్షకుడిగా ఆయన రెండుసార్లు అధ్యక్షులయ్యారు. మూడో ఎన్నిక ఆ సాయంత్రమే. ఈలోగా సకుటుంబంగా ఓ పాత హాలీవుడ్ చిత్రం.

సంఘానికి నేను సంయుక్త కార్యదర్శిని. అంటే డిస్కులు పెట్టేవాణ్ణి. ఆయన బీరువాలోంచి తెచ్చిచ్చిన డబ్బా మీద తల్లీబిడ్డల బొమ్మ ఉంది. తెర మీదికి మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, మెట్లన్నిటికీ వయ్యారం నేర్పుతూ ఒకావిడ దిగింది. మగవాళ్ళం నిటారుగా కూర్చున్నాం.

"డబ్బా మారినట్టుంది," అని రామచంద్రరావుగారు గొంతు సవరించుకున్నారు. ఆ పాతకాలపు యాస మాకెవరికీ అందదు కనక అనువాదం ఆయనదే. ఆవిడ ఓ లావుపాటాయన టై సవరిస్తూ ఏదో గొణిగింది.

"'భోంచేశావా అన్నయ్యా' అంటోంది," అన్నారాయన.

మరుక్షణం ఆవిడ అన్నయ్య ఒళ్ళో కూర్చుంది.

భీమవరం నుంచి కూతుర్ని చూడ్డానికొచ్చిన ఆయన అత్తగారు సుబ్బాయమ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అదేంటల్లుడుగారూ?"

"పొరబడ్డానత్తయ్యగారూ. అన్నయ్య కాదు, బావ."

హాలు ఊపిరి పీల్చుకుంది. బావ ఒడి శాస్త్రసమ్మతమే గదా! ఇంతలో ఇంకొకడొచ్చాడు. ఆవిడ వాణ్ణి ముద్దు పెట్టుకుంది.

"రెండో మేనమామ కొడుకు," అన్నారాయన, అడక్కముందే.

తర్వాత పోలీసు వచ్చాడు. ఆవిడ వాడి టోపీ తను పెట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. వాడు బేడీలు జేబులో వేసుకున్నాడు.

"ఈయనా?"

"దూరపు బావ."

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. రామచంద్రరావుగారు లేచి టీవీకి అడ్డంగా నిలబడ్డారు. "సంస్కృతి దృష్ట్యా ప్రదర్శన ఆపేస్తున్నాం."

"బొమ్మ ఆపకండి అల్లుడుగారూ, మీరాగండి," అన్నారు సుబ్బాయమ్మగారు. "ఆ పిల్ల కళ్ళే చెప్తన్నాయి అన్నీ."

ఆయన కూర్చున్నారు. అనువాదం లేకపోయేసరికి నవ్వులు కట్టలు తెంచుకున్నాయి. ఆవిడ చూపుకి నవ్వాం, నడకకి నవ్వాం. అయితే అందరికంటే ముందు ఒక నవ్వు వినబడుతోంది. ఆవిడ గుమ్మం దగ్గర వెనక్కి తిరక్కముందే ఓసారి. లావుపాటాయన కుర్చీలోంచి జారకముందే ఇంకోసారి.

కథ కోర్టుకెక్కింది. ఆవిడ బోనులోంచి జడ్జి వైపు వంగింది. ఇంకా ఏమీ జరగలేదు. అధ్యక్షులవారి పొట్ట అప్పుడే ఊగుతోంది.

భార్య మాలతిగారు మెల్లిగా ఆయన వైపు తిరిగారు. "ఏవండీ, ఇప్పుడావిడ ఏం చేస్తుంది?"

"జడ్జిగారి విగ్గు లాగేస్తుంది," అన్నారాయన, నవ్వాపుకోలేక.

విగ్గు ఊడింది. జడ్జిగారి బట్టతలని మాలో ఒక్కరూ చూడలేదు. అందరం రామచంద్రరావుగారినే చూస్తున్నాం.