పూరేడు అరుపు ఏ గంపలో పడింది?

ఏమర్రా, ఎవరి మనసులో ఏముందో వాళ్లని అడక్కుండా తెలుసుకోవడం ఎలాగో చెప్పండి చూద్దాం? మాటలు వింటే చాలా? సగం మార్కులే. విన్న మాటల్ని, నేనీ కందిపప్పులో రాళ్లు ఏరుతున్నట్టు ఏరి, దేనికది విడిగా పోసి, ఏది ఎక్కువుందో చూడాలి. మనసుని చదివే శాస్త్రంలో దీన్ని విషయ విశ్లేషణ అంటారు. మంచి పద్ధతే. కాకపోతే ఒక పెద్ద అడవిలో అది నక్క చేతిలో పడింది.

ఆ అడవిలో ఒక పూరేడు పిట్ట ఎండుగడ్డిలో గూడు పెట్టుకుంది. పిల్లలకింకా రెక్కలు రాలేదు. వేసవిలో నిప్పు రాజుకుంటే ముందు పోయేది ఆ గూడే.

"మహారాజా, గూటి చుట్టూ గడ్డి పీకించండి" అని సింహాన్ని వేడుకుంది.

సింహం ఆవులించింది. "మంత్రీ, ప్రజలు భయపడుతున్నారా?"

"ఒక్క పిట్ట మాట పట్టుకుంటే ఎలా ప్రభూ? శాస్త్రప్రకారం తేల్చాలి" అంది నక్క.

మూడు గంపలు పెట్టించింది. ఆనందం, ప్రేమ, కృతజ్ఞత. అడవిలో ఎవరు ఏమన్నా, ఆ మాటకో ఆకు తగిన గంపలో వేయాలి.

"మరి భయానికి గంపేదయ్యా?" అంది పూరేడు.

"గిజిగాడు మూడే అల్లాడమ్మా."

ఏరేవాళ్లు ఇద్దరుండాలి, ఎవరికి వారు ఏరినా తీర్పులు కలవాలి. ఇది అసలైన నియమమే, గుర్తుపెట్టుకోండి. నక్క అందుకు రెండు చిలకల్ని పెట్టింది.

"అమ్మో, పులి వస్తోంది!" అంటూ లేడి పరుగెత్తింది.

"రాక కోసం ఎదురుచూపు. అంటే ప్రేమ" అంది మొదటి చిలక.

"ప్రేమ" అంది రెండోది.

వాళ్లకి ఎన్నడూ తేడా రాలేదు. నక్క మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం వెదుళ్లు రాసుకుని నిప్పు పుట్టింది.

"మంట! మంట!" అని పూరేడు గొంతు చించుకుంది.

"మంటంటే వెచ్చదనం. వెచ్చదనమంటే ప్రేమ."

"ప్రేమ."

"ప్రేమ గంప పొంగిపోతోంది ప్రభూ!" అంది నక్క. సింహం హాయిగా కళ్లు మూసుకుంది. ఆ ప్రేమ వచ్చి తోకకి అంటుకుంది.

"చచ్చాన్రోయ్!" అంటూ సింహం వాగు వైపు దౌడు తీసింది.

"ఇంత గట్టిగా అరిచారంటే ఆనందమే."

"ఆనందమే."

వాగులో స్నానమాడుతున్న ఏనుగు లేవబోయి మళ్లీ కూర్చుంది. "మహారాజుగారు ఆనందంలో ఉన్నారట. మధ్యలో వెళితే ఏం బాగుంటుంది?"

పూరేడు ఇక అరవలేదు. తిన్నగా వెళ్లి ఏనుగు చెవిలో ముక్కుతో పొడిచింది. ఏనుగు ఘీంకరించి, తొండం నిండా నీళ్లు పట్టి వెంటపడింది. పిట్ట గూటి వైపు ఎగిరింది. ఏనుగు దాని మీద నీళ్లు చిమ్మింది. గురి తప్పి గడ్డి మీద పడ్డాయి. మళ్లీ పొడిచింది, మళ్లీ చిమ్మింది. పిల్లలు తడిసి ముద్దయ్యాయి గానీ కాలలేదు.

నక్క పరుగున వాగు దగ్గరికి వచ్చింది. సింహం నీళ్లలో తోక ముంచుకుని మూలుగుతోంది.

"శుభవార్త ప్రభూ! ఏనుగు ఘీంకారంతో కృతజ్ఞత గంప కూడా నిండింది!"

కాబట్టి మీకెప్పుడైనా మంట అంటుకుంటే అరవకండర్రా, మీ అరుపుకి గంప ఉందో లేదో ముందు కనుక్కోండి.

సరే, జరగండి. ఎసరు మరుగుతోంది, ఈ పప్పులో రాళ్లింకా అలాగే ఉన్నాయి.