తోడు లేకుండా దవాఖానకా?

డిప్రెషన్‌కు అసలైన మందు కౌన్సెలింగ్ కాదు, దాన్ని మధ్యలో మానేయడం! నవ్వకండి. మా ఊరు ఇటిక్యాల సాక్షిగా చెబుతున్నాను.

మా పక్కింటి సుభద్రమ్మ కోడలు స్వరూప సంగతే చూడండి. కొన్ని నెలలుగా అన్నం సయించదు, నిద్ర పట్టదు. పత్తి చేనుకు పోవాలన్నా, పిల్లకు జడ వేయాలన్నా చేతులు లేవవు. ఎంతసేపూ గోడవైపు తిరిగి పడుకుంటుంది. గద్వాల డాక్టరు మందులు రాసి, వారం వారం కౌన్సెలింగ్‌కు రమ్మన్నాడు. గంటసేపు కూర్చుని మనసులో మాట చెప్పుకోవాలట!

చెప్పుకోవడం సరే, ఒంటరిగా ఎలా పంపుతాం? మా దగ్గర పంటి నొప్పికే ముగ్గురు తోడు వెళ్తారు. ఆపరేషన్ అంటే దవాఖాన ఆవరణంతా పెళ్లి విడిదిలా ఉంటుంది. ఒక్కడే వెళ్లినవాడిని చూసి, పాపం నా అనేవాళ్లు లేరేమో అనుకుంటారు! అందుకని భర్త ప్రశాంత్, అత్త సుభద్రమ్మ, ఇందుకోసమే అయిజ నుంచి దిగిన చిన్నత్త కిష్టమ్మ బయలుదేరారు. ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడుండాలని నన్నూ ఎక్కించారు.

బస్సులోనే సగం వైద్యం అయిపోయింది. ఎవరికి బాగాలేదని ముందు సీటు అడిగింది, ఏం రోగమని వెనక సీటు అడిగింది. సుభద్రమ్మ ఓపిగ్గా అందరికీ చెప్పింది. దిష్టి అని ఒకరు, రక్తం తక్కువని ఒకరు, పని లేక వచ్చే రోగమని ఇంకొకరు తేల్చేశారు. ఇన్ని ఒపీనియన్లు ఏ కార్పొరేట్ ఆసుపత్రిలో దొరుకుతాయండీ? స్వరూప మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కౌన్సెలర్ సుప్రియ మేడం నిద్ర ఎలా ఉందని అడిగింది. మోకాళ్ల నొప్పులతో తనకు కునుకే లేదని కిష్టమ్మ చెప్పింది. ఆకలి గురించి సుభద్రమ్మ, ఆలోచనల గురించి ప్రశాంత్, మిగతావన్నీ నేను అందుకున్నాం. ఏం టీమ్ వర్క్! మేడం మమ్మల్ని బయట కూర్చోమంటే సుభద్రమ్మ నొచ్చుకుంది.

“మాకు తెల్వని మాట మా కోడలికి ఏముంటదమ్మా?” అంది.

చివరికి బయటే కూర్చున్నాం, తలుపు బార్లా తెరిచిపెట్టి.

రెండోసారీ అంతే. మూడో వారం స్వరూప తనకు బాగైపోయిందని, ఇక రానని చెప్పింది. చూశారా ఫలితం! కొబ్బరికాయ కొట్టాం. ఇప్పటికీ ఆమె గోడవైపే పడుకుంటుంది. అయినా నయమైన మనిషి ఎటు తిరిగి పడుకుంటే మనకేం?

నిన్న సుప్రియ మేడం ఫోన్ చేసింది. అందరికీ వినబడాలి కదా, స్పీకర్ పెట్టాం. ఎందుకు రావడం లేదని ఆమె స్వరూపనే అడిగింది. మేమంతా నోరు తెరిచేలోపు, ఎప్పుడూ లేనిది, స్వరూపే ఫోన్ దగ్గరికి జరిగింది.

“నన్ను ఒక్కదాన్నే పంపితె వస్త మేడం” అంది.

సుభద్రమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

“పిల్ల శాన పరేషాన్ల ఉంది మేడం. రేపే తోల్కొస్తం.”

ఆటో మాట్లాడాం. కిందటిసారి బస్సులో ఇరుకైందని ఈసారి పెద్దదే మాట్లాడాం. ఇంకా చోటుంది, మీరూ రండి.