దళారీ లేని జిల్లా

"ఈ క్షణంనుంచి మన జిల్లాల దళారీ అనేటోడు ఉండడు" అని కోరుట్ల మీటింగ్‌ల నర్సింగమన్న ప్రకటించిండు. టెంటంత చప్పట్లే. మైకు సెట్టు నాదే గాబట్టి నాగ్గూడ మస్తు గర్వమైంది.

నర్సింగమన్న అంటే ఎవరనుకున్నరు? వలస కార్మికుల రక్షణ కమిటీకి సర్కారు మొన్ననే చైర్మన్‌ని జేసింది. గంత అనుభవం ఇంకెవరికుంది? వాళ్ల నాయిన సిరిసిల్ల మరమగ్గాల సాంచెల మీదికెల్లి నేత కార్మికులను భీవండికి తోలిండు. ఈయన జగిత్యాల్ల ఆఫీసు వెట్టి పల్లెలకు పల్లెలను దుబాయికి, సౌదికి తోలిండు. ఇయ్యాల మీటింగ్‌కు జనాన్ని తోలింది గూడ ఈయన మనుషులే. దళారుల గుట్టు తెలిసినోడు ఈయనొక్కడే అని హైదరాబాద్ నుంచి అచ్చిన పెద్దసారు గూడ మెచ్చుకున్నడు.

ఎవరికన్న బాధలుంటే చెప్పుండ్రి అంటే ఎల్లారెడ్డిపేట పద్మ లేచింది. పక్కన ఆమె తమ్ముడు విజయ్. నేనే పోయి మైకిచ్చిన. ఆమె పెనిమిటి అజయ్ డ్రైవర్ వీసా మీద సౌదికి పోయిండట. ఆడ ఎడారిల మేకలు కాయవెట్టిండ్రట. పాస్‌పోర్టు ఆడ పనికి వెట్టుకున్న సేటు గుంజుకున్నడు. పుట్టిన బిడ్డ మొఖం గూడ చూడలేదని ఏడ్సింది. నా సెట్టు ఖరాబు సెట్టు గాదు, ఏడుపు ఆఖరు కుర్చీ దాంక సాఫ్‌గ ఇనవడ్డది.

"ఎవడు పంపిండు చెల్లె?" అని నర్సింగమన్న అడిగిండు.

"నువ్వే అన్నా."

ఇంకోడైతే నీళ్లు నములుతుండె. నర్సింగమన్న గట్ల గాదు.

"గప్పుడు నేను దళారిని చెల్లె. గా దళారి మీద ఇప్పుడు చైర్మన్‌గ నేనే సీరియస్ యాక్షన్ తీసుకుంట."

స్టేజీ మీదికెల్లే సౌది సేటుకు ఫోన్ గొట్టిండు. హిందీ, అరబ్బీ కలిపి దంచుతుంటే పెద్దసారు గూడ నోరు దెరిచి చూసిండు. ఫోన్ వెట్టేసి, సేటు ఒప్పుకున్నడు, వారంల అజయ్ ఇంటికస్తడు అని చెప్పిండు. పద్మ రెండు చేతులెత్తి మొక్కింది. పేపరోళ్లు ఫోటోలు దీసిండ్రు. నిజం చెప్తున్న, నా కండ్లల్ల గూడ నీళ్లు తిరిగినయి.

"చిన్న ఫార్మాలిటీ ఉంది చెల్లె" అన్నడు నర్సింగమన్న. "అజయ్ రావాల్నంటే ఆయన జాగల ఇంకొకలు పోవాలె. లేకుంటే సేటు ఇడువడు. నీ తమ్ముడు ఇప్పుడు ఖాళీగనే ఉన్నడు గదా?"

పద్మ మైకు మల్ల నోటికాడ వెట్టుకుంది. మైకు పోయిందేమోనని నేను సౌండ్ పెంచిన. ఊపిరొక్కటే ఇనవడ్డది. విజయ్ మెల్లగ అక్క చేతిలకెల్లి మైకు అందుకున్నడు.

"డ్రైవర్ వీసానే గదా అన్నా?"